చేత్తో కట్టిన కార్లు: బహదూర్‌పురా శాలలో ఒక పరిశీలన

హైదరాబాదు పాతబస్తీ వైపున, నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు దగ్గరలో ఉన్న బహదూర్‌పురాలో కన్యబోయిన సుధాకర్ యాదవ్ 2010లో ప్రజల కోసం తెరిచిన సుధా కార్స్ మ్యూజియం, సొంత చేతులతో కార్లు కట్టుకునే అభిరుచిని తెలుగునాట పరిశీలించదలచినవారికి దొరికే ముఖ్యమైన ఆధారం. కాజీపేట–విజయవాడ రైలుమార్గంలో ఖమ్మం దాటాక ఆంధ్ర సరిహద్దుకు ముందు వచ్చే మధిర వంటి పట్టణం నుంచి వెళ్ళే సందర్శకుడికి ఈ శాల ప్రత్యేకమైన ఆసక్తి కలిగిస్తుంది. అక్కడి బండ్ల ఆకారాలు అతను ఎన్నడూ చూడనివే అయినా, వాటి వెనక ఉన్న పనితనం అతను రోజూ తన ఊరి షెడ్లలో చూస్తున్నదే.

శాలలో వంకాయ, బర్గరు, ఫుట్‌బాలు, క్రికెట్ బ్యాటు, పెన్సిలు, ఎత్తుమడమ చెప్పు, చేతిసంచి, హెల్మెట్టు, మంచం, చివరికి కమోడు ఆకారంలో ఉన్న వాహనాలు కూడా కనిపిస్తాయి. ఇవి ఎక్కువగా తుక్కు సామానుతో, పాత బండ్ల విడిభాగాలతో తయారైనవి, ఇంజిను అమర్చి నడిపేందుకు వీలున్నవి. వీటిలో చాలావాటి పుట్టుకకు ఒక సందర్భం ఉంది: చెప్పు, చేతిసంచి మహిళా దినోత్సవాన్ని ఉద్దేశించి, పెన్సిలు వంటివి బాలల దినోత్సవాన్ని ఉద్దేశించి తయారు కాగా, సిగరెట్టు ఆకారపు మోటారు సైకిలు పొగాకు వ్యతిరేక ప్రచారం కోసం రూపుదిద్దుకుంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు 100 సీసీ ఇంజిను, ఆరు చక్రాలు, ఒకే సీటు, ఫైబరు బాడీతో కరోనా వైరస్ ఆకారంలో ఒక కారు నగర వీధుల్లోకి వచ్చి, ఇంటిపట్టున ఉండమని జనానికి గుర్తుచేసింది. అంతకు చాలా ముందే, 2005 జులై 1న, 12.67 మీటర్ల ఎత్తు, 11.37 మీటర్ల పొడవు ఉన్న మూడు చక్రాల సైకిలును హైదరాబాదులో తొక్కి చూపించి సుధాకర్ గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు.

వంకాయ కారు దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడటం అవసరం. ఊదారంగు దేహం, పైన ఆకుపచ్చ ముచ్చిక చూసి పిల్లలు నవ్వుకుని ముందుకు సాగిపోతారు గానీ, రేకుపని తెలిసినవారి కళ్ళు ఆ వంపుల దగ్గరే ఆగుతాయి. చదునైన రేకు ఒక దిక్కుకు సులభంగానే వంగుతుంది. బానలా రెండు దిక్కులకూ ఒకేసారి వంగాలంటే మధ్యభాగం సాగాలి, అంచులు కుంచించుకోవాలి, ఆ రెండూ సుత్తిదెబ్బల లెక్క మీదనే ఆధారపడి ఉంటాయి. ఇలాంటి ఆకారానికి సాధారణంగా ముందు ఇనుప గొట్టాలతో, కడ్డీలతో అస్థిపంజరాన్ని కట్టి, దాని మీద రేకు ముక్కలను అతికి, అతుకులను గ్రైండరుతో నునుపు చేసి, పల్లాలను లప్పంతో నింపి, ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమరు మీద రంగు కొడతారు. ఈ మొత్తం పనిని తెలుగు పట్టణాల్లో టింకరింగ్ అంటారు. ప్రమాదంలో నొక్కుకుపోయిన తలుపును యథాస్థితికి తేవడమూ, లేని ఆకారాన్ని కొత్తగా పుట్టించడమూ ఒకే విద్యకు రెండు చివరలు.

మధిర ప్రాంతంలో ఈ విద్యకు వ్యవసాయమే పోషకురాలు. మిరప, పత్తి, వరి పండే మండలాల్లో ట్రాక్టరు ట్రక్కుకు తొట్టి మార్చాలన్నా, విరిగిన కొక్కెం అతకాలన్నా, దమ్ము చేసేటప్పుడు బురదలో దిగబడకుండా ట్రాక్టరు వెనక చక్రాలకు తగిలించే ఇనుప చట్రాలైన కేజ్‌వీల్స్ చేయించాలన్నా రైతు వెళ్ళేది వెల్డింగ్ షాపుకే. కొలత చెబితే చాలు, కాగితం మీద నమూనా గీయకుండానే వస్తువు చేసి ఇచ్చే ఈ పనివాళ్ళను సమాజం మరమ్మతుదారులుగా మాత్రమే గుర్తించడం అన్యాయం, ఎందుకంటే వారు చేసేది చాలా సందర్భాల్లో పూర్తిస్థాయి రూపకల్పనే.

ప్రపంచంలో ఇటువంటి నైపుణ్యం రెండు పేర్లతో ఒక అభిరుచిగా స్థిరపడింది. కిట్ కారు అంటే చట్రం, బాడీ, ఇతర భాగాలు విడివిడిగా కొనుగోలుదారుకు చేరి, అతను ఇంటి దగ్గరే బిగించుకునే కారు; రెప్లికా అంటే పేరుపొందిన ఒక పాత కారుకు కొత్తగా కట్టిన ప్రతిరూపం. బ్రిటన్‌లో కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ కిట్టుగా బాగా అమ్ముడుపోవడానికి కారణం పన్ను చట్టంలోనే ఉంది: పూర్తి కారు మీద పడే కొనుగోలు పన్ను విడిభాగాల మీద పడేది కాదు, 1973లో వ్యాట్ వచ్చేవరకూ ఆ వెసులుబాటు సాగింది. అమెరికాలో బ్రూస్ మేయర్స్ 1964లో ఫోక్స్‌వాగన్ బీటిల్ భాగాలతో, ఫైబరుగ్లాసు దేహంతో ఇసుకదిబ్బల మీద పరిగెత్తే మేయర్స్ మ్యాంక్స్‌ను రూపొందించగా, దాన్ని అనుకరించిన సంస్థలు అనేకం పుట్టుకొచ్చాయి, కోర్టులో ఆయన పేటెంటు నిలవలేదు. 1962లో మొదలైన కోబ్రా కారు అసలైనవి సుమారు వెయ్యి మాత్రమే తయారు కాగా, దాని ప్రతిరూపాలు అంతకు ఎన్నో రెట్లు తిరుగుతున్నాయి. బ్రిటన్‌కు చెందిన ఏసీ సంస్థ దేహంలో అమెరికా ఫోర్డు వీ8 ఇంజిను కూర్చగా పుట్టిన ఆ కోబ్రా, తానే ఒక కూర్పు అన్న సంగతి గమనించదగినది.

భారతదేశపు అనుభవం కూడా దీనికి దూరమైనది కాదు. మహీంద్రా సంస్థ వాహనాల తయారీ విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి బొంబాయిలో బిగించడంతోనే మొదలైంది. అంబాసిడర్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు అనుమతి పొందిన ప్రతిరూపంగా 1957 నుంచి 2014 వరకూ తయారైంది. ఆ అంబాసిడర్‌లో వాడిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజినునే అమర్చి అలీబాగ్‌లోని చింకారా మోటార్స్ లోటస్ సెవెన్ పోలికతో ఒక రోడ్‌స్టర్‌ను తయారుచేసింది. అయితే ఒకప్పటి అనుమతి ఎల్లకాలం రక్షణ ఇవ్వదని మహీంద్రా తయారుచేసిన రోక్సర్ బండి మీద వచ్చిన వివాదం చూపించింది: జీపు రూపాన్ని కాపీ చేశారంటూ ఫియట్ క్రిస్లర్ 2018లో అమెరికా వాణిజ్య కమిషన్‌ను ఆశ్రయించగా, 2020లో మహీంద్రాకు వ్యతిరేకంగా తీర్పు వచ్చి, ఆ సంస్థ బండి ముఖాన్ని మార్చుకోవలసి వచ్చింది.

అభిరుచిగలవారి దృష్టికీ సామాన్యుల దృష్టికీ మధ్య ఉన్న తేడా బహదూర్‌పురాలో స్పష్టంగా అర్థమవుతుంది. 1922 నాటి ఫోర్డ్ టూరర్‌ను ఎన్నో రెట్లు పెంచి సుధాకర్ నిలిపిన భారీ నమూనా ముందు కుటుంబాలు ఫొటోలు దిగుతాయి. వారికి ఆకారమే కారు. పాత కార్ల సేకర్తలు మాత్రం ఇంజిను నంబరు, చట్రం నంబరు ఒకదానితో ఒకటి కలిసే అసలు బండికే విలువ కట్టి, ప్రతిరూపాన్ని తక్కువగా చూస్తారు. విడిభాగాల దుకాణంలో ఒరిజినల్ కావాలా, లోకల్ కావాలా అనే ప్రశ్న రోజూ ఎదుర్కొనే మన కొనుగోలుదారుడిలోనూ ఇదే అనుమానం పాతుకుని ఉంది. ప్రతిరూపాన్ని అసలుదిగా అమ్మడం మోసమే; కానీ తాను ప్రతిరూపాన్నని చెప్పుకునే బండికి ఆ మచ్చ అంటగట్టకూడదు. గాజు అద్దాల వెనక దాచవలసిన కోబ్రాను నడపలేని యజమాని కంటే, తన చేత్తో బిగించుకున్న ప్రతిరూపాన్ని వానలో కూడా బయటికి తీసే వ్యక్తికి ఆ కారు గురించి ఎక్కువే తెలుస్తుంది.

ఈ అభిరుచి మన దగ్గర ప్రదర్శనశాల గోడలు దాటి విస్తరించకపోవడానికి నైపుణ్యం కొరత కారణం కాదు, చట్టంలో చోటు లేకపోవడమే కారణం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని నిర్దేశిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. కొత్త నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలు పరీక్షించి ఆమోదించాలన్న నిబంధన వేల సంఖ్యలో బండ్లు చేసే కర్మాగారాలను ఉద్దేశించినది, ఒకే ఒక్క కారు కట్టుకున్నవాడు ఆ ఖర్చు భరించలేడు. పాత కార్ల కోసం 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్ళు దాటి, చట్రం, దేహం, ఇంజిను పెద్దగా మారని వాటికే వర్తిస్తాయి కనుక, ప్రతిరూపాలకు వాటిలోనూ తావు లేదు.

రోడ్డు భద్రత కోసం ఇంత కఠినత్వం అవసరమన్న వాదనను తేలిగ్గా తీసిపారేయలేము. అతుకు సరిగా లేని స్టీరింగు ఊడితే నష్టపోయేది కారు కట్టినవాడొక్కడే కాదు. అయినా బ్రిటన్ ఆ భయాన్ని నిషేధంతో కాకుండా తనిఖీతో ఎదుర్కొంది: ఒక్కొక్క బండినీ విడిగా పరీక్షించి ఆమోదించే పద్ధతిని ఏర్పాటు చేసి, పుట్టుపూర్వోత్తరాలు తేలని బండికి క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తుంది, ఆ నంబరు చూసినవారెవరికైనా అది కూర్పు బండి కావచ్చునని తెలుస్తుంది. ఖమ్మం జిల్లాలో ఆటోలకు, లారీలకు ఫిట్‌నెస్ ధ్రువపత్రం ఇచ్చే మోటారు వాహనాల తనిఖీ అధికారి ఇప్పటికే బ్రేకులు, స్టీరింగు, దీపాలు చూస్తున్నారు. అతుకుల బలాన్ని, బరువును పరీక్షించే నిపుణుణ్ణి ఆయనకు తోడుగా ఇచ్చి, వింటేజ్ బండ్లకు వీఏ అక్షరాలు కేటాయించినట్టే చేత్తో కట్టిన బండ్లకూ వేరే అక్షరాలు కేటాయిస్తే, ఏపీ 20 పోయి టీఎస్ 04, అది పోయి టీజీ 04 వచ్చిన జిల్లాలో మరో కొత్త నంబరు వరుసకు జనం అలవాటు పడటం కష్టం కాదు.