చలికాలంలో పాలిష్

మొన్న డిసెంబర్లో రెండు వారాలు సెలవు పెట్టి ఊరెళ్ళి నేను చేసిన ఘనకార్యం ఇది. చెప్పుకుంటే సిగ్గుచేటే గానీ, నాలాంటి వాళ్ళు ఇంకో పదిమందైనా ఉంటారన్న ధైర్యంతో రాస్తున్నా.

మాది వనపర్తి దగ్గర పాన్‌గల్. 2016లో జిల్లాలు మారాయి గానీ మా ఇంట్లో ఇంకా పాలమూరు జిల్లా అనే అంటారు. నాన్న రిటైరైన టీచరు. వసారాలో ఆయనకో టేకు బల్ల ఉంది. బడి మానేసి చాలా ఏళ్ళయినా ఆ బల్ల దగ్గర రద్దీ మాత్రం తగ్గలేదు. పింఛను, రేషన్ కార్డు, పాసు పుస్తకంలో తప్పుపడ్డ సర్వే నంబరు… ఏ అర్జీ రాయాలన్నా సారు దగ్గరికే వస్తారు. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది, నాన్న బల్ల దగ్గర చెప్పుల జతలు మాత్రం అన్నే ఉన్నాయి.

ఆ బల్ల మీద టీ గ్లాసుల గుండ్రాలు, సిరా మరకలు, పాలిష్ ఎక్కడికక్కడ లేచిపోయి ఉంది. "నేను కొత్తదానిలా చేసిస్తా నాన్నా" అన్నాను. "ఎందుకురా, బానే ఉంది గదా" అన్నాడాయన. విన్నానా? లేదు.

నా ధీమాకి కారణం ఉంది. న్యూజెర్సీలో ఇల్లు కొన్నాక మనవాళ్ళలో కొందరు కూరగాయలు పెంచుతారు, కొందరు క్రికెట్ టీములు పెడతారు, నేను గరాజులో చెక్కపని మొదలెట్టాను. మొదటి పుస్తకాల అర జనవరిలో చేశా. గుడ్డతో పూసే పాలీయూరిథేన్ పూశాను. అదేమీ బ్రహ్మపదార్థం కాదు, నూనెరకం వార్నిష్‌ని పలచన చేసిందే. పలచటి పూత కాబట్టి బ్రష్ గీతలు పడవు, దుమ్ము అంటుకునేలోపే ఆరిపోతుంది. డబ్బా మీద రెండు మూడు గంటల్లో ఆరుతుందని రాసుంది. నా అర పదకొండు రోజులు జిగటగానే ఉంది! గరాజులో నాలుగు డిగ్రీలు మరి. అది రెండు దశల్లో ఆరుతుందని తర్వాత తెలిసింది. ముందు అందులోని ద్రావకం ఎగిరిపోతుంది, తర్వాత మిగిలిన నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. రెండోది రసాయన చర్య. పది డిగ్రీలు తగ్గితే వేగం దాదాపు సగమవుతుందని ఇంటర్లో చదువుకున్నదే, పరీక్ష రాసి మర్చిపోయాం. (కిరోసిన్ హీటర్ పెడదామనుకున్నా గానీ, ఆ ఆవిరి నేలబారున పాకి మంటని అందుకుంటుందని చదివి మానుకున్నా.) వసంతం వచ్చాక పూస్తే అద్దంలా వచ్చింది.

అంటే ఏంటి? నా మెషీన్లో బానే నడిచింది కాబట్టి ఊళ్ళోనూ నడుస్తుందనుకున్నా :-)

విమానంలో మండే సరుకు తీసుకెళ్ళనివ్వరు కదా, హైదరాబాదులో ఒక డబ్బా కొని టర్పెంటైన్ సగానికి సగం కలిపాను. మూడు రోజులు గరుకు కాయితంతో రుద్ది రుద్ది పాత పాలిష్ ఆనవాలు లేకుండా చేశా. పగలంతా వచ్చేపోయే చుట్టాలు. అందుకని సాయంత్రం ఐదున్నరకి, పొద్దు ఖిల్లా గుట్ట మీద వాలాక, మొదటి పూత వేశా. చలంటారా? న్యూజెర్సీ నుంచి వచ్చినవాడిని, పొట్టి చేతుల చొక్కాతో తిరుగుతున్నా. ఇదీ ఒక చలేనా అనుకున్నా.

తెల్లారి లేచి చూస్తే ఫోన్లో 14 డిగ్రీలు, బల్ల మీద మంచు చెమట. మెరుపు చచ్చిపోయి మసకగా ఉంది. వేలు పెడితే అంటుకుంటోంది. మనిషికి బుద్ధి ఉంటే అక్కడ ఆగాలి. నేను మధ్యాహ్నం ఇంకో పూత వేశా, కింది జిగట పైపూతతో సర్దుకుంటుందని. బగ్ మీద ప్యాచ్ వేసే అలవాటు ఎక్కడికి పోతుంది!

మర్నాడు నేను బజారుకెళ్ళినప్పుడు ఒకావిడ వచ్చింది. వితంతు పింఛను అర్జీ కోసం. నాన్న అలవాటు కొద్దీ ఆమె కాగితం తీసుకుని బల్ల మీద పరిచి, కళ్ళజోడు కోసం లోపలికెళ్ళాడు. వచ్చి లాగితే మూల చిరిగింది. అది ఆమె భర్త మరణ ధృవీకరణ పత్రం, జిరాక్స్ కాదు, అసలుది. ముద్ర ఉన్న మూలే బల్లకి అతుక్కుపోయింది.

నేనొచ్చేసరికి ఆవిడ అరుగు మీద కూర్చునుంది. తిట్టలేదు. "మల్ల ఇస్తరా సారూ?" అని మాత్రం అడుగుతోంది. నాన్న నాతో ఒక్క మాటా అనలేదు. అనుంటే బావుండేది. నలభై ఏళ్ళుగా ఆయన చేతికిచ్చిన కాగితం పాడైందని ఊళ్ళో ఎవరూ అనలేదు. మర్నాడు ఆమెని కార్లో ఎక్కించుకుని వెళ్ళి కొత్త నకలు తెచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఒక రోజు పట్టింది. నాకు పోయింది సెలవులో ఒక రోజు, ఆమెకి పోయింది ఒకరోజు కూలి. ఇస్తానంటే తీసుకోలేదు.

అమ్మ వెళ్ళి వడ్ల పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన బల్లని గోటితో గీరి చూసి నవ్వాడు. "పొద్దుగూకినంక కట్టెకు పాలిషి పెడ్తరా బిడ్డా ఎవరన్నా? మంచు తాగుతది గద. మల్ల పాత లక్క అంత ఎందుకు గీకినవు? టేకుల నూనె ఉంటది."

అసలు కిటుకు అదీ. నేను తప్పంతా చలిమీదకి తోశాను గానీ అది సగమే. టేకు, జిట్రేగి లాంటి కట్టెల్లో సహజంగా ఉండే నూనెలు వార్నిష్‌ని ఆరనివ్వవు. మధ్యలో లక్క పూత అడ్డంగా ఉంటే ఆ నూనె పైకి రాదు. ఆ అడ్డుని నేనే మూడు రోజులు చెమటోడ్చి తీసేశాను.

జిగటంతా టర్పెంటైన్‌తో కడిగి గీకేశాం. పెద్దాయన స్పిరిట్‌లో కరిగించిన లక్క సీసా తెచ్చాడు. కదపకుండా ఉంచడంతో మైనం అడుగుకి దిగి పైన తేట తేరుకుని ఉంది. ఆ తేట మాత్రమే వంచి వాడాడు, మెరుపు బావుంటుందని. మైనం ఉన్న లక్క మీద పాలీయూరిథేన్ సరిగా పట్టదని నేను చదివిందీ అదే. ఆయన కూడా గుడ్డతోనే పూస్తాడు! ఎన్నో ఏళ్ళుగా అదే పని చేస్తున్న మనిషి ముందా నేను గుడ్డ గొప్పలు చెప్పింది.

పొద్దున పదిన్నర దాటితే గానీ ఆయన సీసా మూత తీయలేదు. చల్లటి పూట లక్క తెల్లబడుతుందన్నాడు. నిజమే, స్పిరిట్ ఎగిరేటప్పుడు కట్టెని ఇంకా చల్లబరుస్తుంది, గాలిలో తేమ దానిమీద చేరుతుంది. బల్లని ఎండ తగిలేచోట గంటసేపు పెట్టించాడు. గాలి వేడి కాదు, కట్టె వేడి చూడాలట. మర్నాటి నుంచి నా వంతు. డబ్బాని గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో పెట్టి (పొయ్యి మీద కాదు, మహాప్రభో) పదకొండింటికి ఒక పూత, మూడు గంటలాగి రెండోది. నాలుగయ్యేసరికి బల్ల ఇంట్లోకి. అలా రెండు రోజులు.

అన్నట్టు, ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా తగలబడింది ఇలాంటి అవిశనూనె గుడ్డల వల్లే, ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు. నేను గుడ్డల్ని విడివిడిగా దండెం మీద ఆరేస్తే, పక్కన పట్టుచీర ఉందని అమ్మ చేత తిన్న తిట్లు వేరే కథ.

బయల్దేరేరోజు పూత చేతికి అంటలేదు గానీ పూర్తిగా గట్టిపడటానికి ఈ చలిలో నెల పడుతుందని చెప్పా. అప్పటిదాకా కాగితాలు పెట్టొద్దని, తడిగుడ్డ వేయొద్దని. నాన్న ఒళ్ళో పరీక్ష అట్ట పెట్టుకుని అర్జీలు రాస్తున్నాడు, పక్కనే నిగనిగలాడుతూ ఖాళీ బల్ల.

జనవరి ఆఖర్లో ఫోన్ చేశాడు. బల్ల మీద రాయడం మొదలుపెట్టాడట. ఆవిడ పింఛను ఇంకా మంజూరు కాలేదట, మళ్ళీ గుర్తుచేస్తూ ఇంకో అర్జీ రాసిచ్చాడట. చివర్లో, "బీరువా తలుపులు కూడా పాతబడ్డయిరా" అన్నాడు.

"మేలో వస్తా నాన్నా" అన్నా.

"ఆయన్ని ముందే అడిగిపెడ్త" అన్నాడు.