ఎగరని జీపు

మన సినిమాల్లో జీపుకి రెండే పనులు. ఒకటి, విలన్ గారి అనుచరుల్ని నిలబెట్టుకుని దుమ్ము రేపుకుంటూ వూళ్లోకి రావడం. రెండోది, గాలిలోకి ఎగరడం. ఎగిరిన జీపు నాలుగు చక్రాలమీదా చక్కగా దిగి అదే స్పీడుతో పోతుంది కదండీ... ఆ షాట్ అయిపోయాక దాన్ని వొకసారి చూపించమనండి! ముందు యాక్సిల్ వొంగి, కమాన్ పట్టీలు విరిగి, రేడియేటర్ కారుతూ, పాపం, నలుగురు తోస్తే గానీ పక్కకి జరగదు. చూపిస్తే యెవడు ఈల వేస్తాడు?

అందుకేనేమో, నేను పాత ఫోర్ వీల్ జీపు కొన్నానని తెలియగానే మా మిత్రబృందం అంతా "ఎప్పుడు ఎగరేస్తున్నావు గురూ?" అనే అడిగారు. ఎగరెయ్యడానికి కాదు మహాప్రభో, పాకించడానికి కొన్నాను అంటే వొక్కడికీ నచ్చలేదు. ఆ పాకించడంలో వున్న రుచి యేమిటో చెబుదామనే యీ గోలంతా.

మా నాన్నగారు ఒక ప్రభుత్వ శాఖలో జీపు డ్రైవరుగా చేశారు. ఇరవై ఎనిమిదేళ్లు మన్యం రోడ్లమీదే బతుకు. రోడ్లు అన్నానా? ఆ రోజుల్లో సగం చోట్ల రోడ్డు అనేది ఆఫీసు కాగితాల్లోనే వుండేది. ఆ జీపులో మమ్మల్ని మాత్రం వొక్కనాడూ ఎక్కనివ్వలేదు. "సర్కారు బండిరా అబ్బాయ్" అనేవారు, అంతే. రిటైరైన రోజున తాళంచెవి ఆఫీసు బల్లమీద పెట్టి, సైకిలు తొక్కుకుంటూ రాజమండ్రిలో మా యింటికొచ్చారు. ఇప్పుడాయనకి డెబ్భై ఒకటి. ఏడాదిగా మోకాళ్ల నొప్పులని గుమ్మం దిగడం మానేశారు. టీవీ ముందు కూచుని, ఛానెల్ కూడా మార్చకుండా ఏది వస్తే అది చూస్తున్నారు. అమ్మకి అదే బెంగ. "మనిషి వున్నాడు గానీ లేడురా" అంది వొకరోజు వంటింట్లో. ఆ మాట విన్న వారానికే నేను జీపుల బేరాలు వాకబు చెయ్యడం మొదలెట్టాను.

ఆకివీడు దగ్గర ఒక చెరువుల ఆసామి దగ్గర దొరికింది. మహీంద్రా ఎం.ఎం.540, 1993 మోడల్, 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను. పైన పచ్చరంగు పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది. నాన్నగారిని "వూరికే చూద్దాం రండి" అని బతిమాలి తీసికెళ్లాను. ఆయన రంగు వైపు చూడనే లేదు. చిన్న సుత్తి అడిగి తీసుకుని, మోకాళ్ల నొప్పులన్న మనిషి నేలమీద చతికిలబడి, చాసీని కుండ కొనేవాళ్లు కొట్టి చూసినట్టు మెల్లగా కొట్టుకుంటూ పోయారు. ఠంగుమన్నచోట ముందుకి, బొదబొదమన్నచోట సుద్దగీత. మూడు గీతలు పడ్డాయి. చెరువుల దగ్గర తిరిగిన బండి కదా, ఉప్పునీరు లోపల్నుంచి తినేసింది. తరవాత జేబులోంచి చిన్న అయస్కాంతం తీశారు. ఇంట్లో ఎప్పుడు వేసుకున్నారో! రేకుమీద అంటుకుంటే సరే, జారిపోతే రంగు కింద వున్నది రేకు కాదు, పుట్టీ.

ఆసామికి వొళ్లు మండింది. "ఏమండీ, మీరు బేరానికొచ్చారా, పోస్టుమార్టానికొచ్చారా?" అన్నాడు.

"రెంటికీనండీ" అన్నారు నాన్నగారు.

రెండు లక్షల ఇరవై వేలు చెప్పినవాడు లక్షా అరవై అయిదుకి దిగాడు. అయినా కాగితాలు చూడందే డబ్బు ఇవ్వనివ్వలేదు. పాత బండి కొనాలని సరదాపడే కుర్రకారు ఇది గుర్తుంచుకోవాలి. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లకే. ఆ తరవాత బండిని తనిఖీకి చూపించి అయిదేసి ఏళ్లకి పొడిగించుకోవాలి. ఆ పొడిగింపు లేని బండి ఎంత అందంగా వున్నా పాత సామాన్ల కొట్టు సరుకే. చాసీ మీద కొట్టిన నంబరుపై పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్సీ పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చి చూశాం. సరిపోయింది. వచ్చేటప్పుడు ముందు సీట్లో కూచుని నాన్నగారు వొక్కమాట మాట్లాడలేదు. చెవి మాత్రం ఇంజనుకే అప్పగించారు.

ఇక బాగుచేయించడం. నా చేతిలో మిగిలింది లక్షా పాతికవేలు. మా తమ్ముడు అప్పటికే ఫోన్లో బొమ్మలు చూసి జాబితా రాశాడు. ఇంతెత్తు టైర్లు, ముందు లైట్ల బద్దీ, కప్పుమీద నిచ్చెన, ఇనప బంపరు. "అన్నయ్యా, జీపంటే చూడగానే భయం వెయ్యాలి" అని వాడి సిద్ధాంతం. పాపం వాడిదీ సినిమా జ్ఞానమే. పైగా తయారీదారు ఇచ్చిన ఆకారాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అలా మార్చిన బండికి రిజిస్ట్రేషను పొడిగింపు దగ్గరే చిక్కు.

నాన్నగారు ఆ జాబితా వెనకాల తన జాబితా రాశారు. బ్రేకులు. స్టీరింగు. చాసీకి మూడు అతుకులు. కమాన్ పట్టీలు. గొట్టాలన్నీ కొత్తవి. మామూలు సైజు టైర్లు, గళ్లు లోతుగా వున్నవి. ఇంతే! ఒక్కటీ పైకి కనబడేది కాదు. లక్షా పాతికవేలు పోసి, చూసేవాడికి ఏం చేయించామో తెలియకపోతే ఎలా అని తమ్ముడు మూడురోజులు అలిగాడు.

దానికి ఆయన దగ్గర కారణం వుంది. పాత జీపుల్లో బ్రేకు నూనెకి తరచు వొకటే దారి. ఎక్కడ వొక్క గొట్టం చిల్లిపడ్డా నాలుగు చక్రాల బ్రేకులూ వొక్కసారే పోతాయి. 1980లో వచ్చిన 'ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ'లో బ్రేకుల్లేని లాండ్ రోవర్‌ని ఆపడానికి కథానాయకుడు పడే అవస్థ చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నాం కదా, ఘాట్ రోడ్డులో ఆ నవ్వు రాదు. మెకానిక్కు నాన్నగారి కంటే పదేళ్లు చిన్న. మొదటివారం "బాబూ, మీ నాన్నగారిని ఇంటిదగ్గర వుంచండి, పని సాగనివ్వడం లేదు" అన్నాడు. మూడోవారానికి "గురువుగారు యింకా రాలేదేంటండీ?" అని ఫోను చేశాడు. గుమ్మం దిగని మనిషి రోజూ తొమ్మిదింటికల్లా టిఫిను తిని ఆటోలో షెడ్డుకి పోతున్నారు! అమ్మ నాతో ఏమీ అనలేదు. నా పెసరట్టులో మాత్రం జీడిపప్పు కనబడసాగింది.

మీకు తెలియని సంగతి కాదు గానీ, యీ జీపు పుట్టిందే యుద్ధం కోసం. 1941 నుంచి అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో ఆ విల్లీస్‌ని బిగించడం మొదలెట్టారు. మా 540 ఆ వంశంలోదే. పెద్ద గేరు కర్ర పక్కన రెండు చిన్న కర్రలుంటాయి. ఒకటి ముందు చక్రాలకి కూడా శక్తినిస్తుంది. ఇంకోటి 'లో' గేరు. అది వేస్తే బండి వేగం దాదాపు రెండున్నర రెట్లు తగ్గి, చక్రం దగ్గర బలం అంతకంత పెరుగుతుంది. నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మది. ఈ నెమ్మదే అసలు సరుకు. ఎండిన తారురోడ్డుమీద మాత్రం ఫోర్ వీల్ వెయ్యకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగాలి. గట్టినేలమీద జారే వీలుండదు గనక, లోపల పళ్ల చక్రాలు బిగుసుకుపోతాయి.

పోయిన నవంబరులో గుడిస వెళ్లాం. 'పుష్ప' (2021) చూసినవాళ్లకి మారేడుమిల్లి అడవి పరిచయమే, ఆ ప్రాంతంలోనే చాలా భాగం తీశారు. గుడిస ఆ మారేడుమిల్లి మీదుగా వెళ్లే గడ్డికొండ. వెళ్లనిచ్చే దారిలోనే వెళ్లాలి సుమండీ, రిజర్వు అడవిలో అనుమతి లేకుండా బండి దింపితే నేరం. ఎక్కేటప్పుడు నేనే నడిపాను. పైన మంచు, గాలి, అమ్మ తెచ్చిన పులిహోర... వర్ణించను, వెళ్లి చూడండి. దిగబోయేసరికి వాన. ఎర్రమట్టి సబ్బులా తయారైంది. మా ముందు తళతళలాడే కొత్త బండి వొకటి బ్రేకు తొక్కిపట్టి, చక్రాలు తిరక్కుండానే సర్రున జారి పక్కగట్టుకి ఆనుకుంది. లోపల పిల్లలు కెవ్వుమన్నారు. దెబ్బలేం తగల్లేదు లెండి, గట్టు ఆపింది. రెండోపక్క గట్టు లేదు.

"ఒరేయ్, యిటు రా" అన్నారు నాన్నగారు. సీటు మారాం.

లో వేశారు, మొదటి గేరు వేశారు, రెండు పాదాలూ తీసి నేలమీద పెట్టేశారు. క్లచ్చు లేదు, బ్రేకు లేదు. మోకాళ్లతో పనే లేదు! బొటనవేళ్లు స్టీరింగు పుల్లల మధ్య పెట్టలేదు, బయటే వుంచారు. పాత స్టీరింగు రాయి తగిలితే గిర్రున తిరిగి వేలు విరగ్గొడుతుంది. ఇంజను గుర్రుగుర్రుమంటూ తనే బండిని పట్టుకుని, మెట్లు దిగే ముసలమ్మలా వొక్కో అడుగే దింపింది. వెనక కమ్మీ పట్టుకుని అమ్మ "నెమ్మదిగానండీ" అంది.

"ఇంతకంటే నెమ్మదంటే ఆగిపోవడమేనే" అన్నారాయన.

కిందికి వచ్చాక దిగి, నాలుగు చక్రాల దగ్గరికీ వెళ్లి డ్రమ్ములమీద చెయ్యి పెట్టి చూశారు. నన్నూ పెట్టి చూడమన్నారు. చల్లగా వున్నాయి. ఆ తరవాత నేనూ తమ్ముడూ ఆయన చెప్పినట్టు తాడు కట్టి, పై బండివాళ్లని వెనక్కి లాగి దారిలో పెట్టాం. ఆ కుటుంబాన్ని మా వెనకాలే, మొదటి గేరులో, కిందిదాకా తీసుకొచ్చారు నాన్నగారు. ఆ బండి యజమాని థాంక్స్ చెబుతూ, "ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగితే, "డ్యూటీలోనండీ" అన్నారు.

ఇప్పుడు ఆదివారాలు ఆయనవి. క్లచ్చు బేరింగు కొద్దిగా మోత పెడుతోంది, వచ్చేనెల దించాలి. తమ్ముడు లైట్ల బద్దీ మాట యెత్తడం లేదు. మొన్న సంక్రాంతి తరవాత ఒక షూటింగు మేనేజరు వచ్చి మన్యంలో రెండురోజులకి జీపు అద్దెకి అడిగాడు. గట్టుమీంచి ఎగరేస్తారట, విరిగినవన్నీ కొత్తవి వేయిస్తారట. నాన్నగారు ఎగరడం కుదరదన్నారు. నిలబెట్టుకోవడానికైతే సరే, తోలేది మాత్రం తనేనని షరతు పెట్టారు. ఒప్పుకున్నారు. ఆ సినిమా విడుదలైంది, చూశాం. హీరోగారి భుజం వెనకాల మా జీపు ఎడంవైపు హెడ్‌లైటు నాలుగు సెకన్లు కనబడింది. నాన్నగారు రెండో ఆటకి కూడా టిక్కెట్లు తెమ్మన్నారు.