అడక్కుండా ఇచ్చిన మాత్ర

మా అక్కకి గర్భాశయ ముఖద్వార కాన్సర్. రేడియేషన్‌తో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ ఎక్కించేవారు. మూడోవారం దాటాక రాత్రుళ్లు పిక్కలు పట్టేసేవి. "ఒసేయ్, కాస్త కాళ్లు నొక్కవే" అని లేపేది. కొబ్బరినూనె వేడిచేసి రాస్తూ తెల్లారేదాకా కూర్చునేదాన్ని.

పక్కింటి పిన్నిగారు "మెగ్నీషియం తక్కువైతే అంతేనమ్మా, మాత్రలు వేసి చూడు" అన్నారు. మందుల షాపులో కొనుక్కొచ్చి, డాక్టరమ్మకి చెప్పకుండానే రోజుకి మూడేసి ఇచ్చాను. నొప్పి తగ్గడం మాట దేవుడెరుగు, విరేచనాలు పట్టుకున్నాయి. రేడియేషన్ వల్లేమో అనుకున్నాం. రెండ్రోజుల్లో మనిషి వాడిపోయింది.

ఆస్పత్రికి తీసుకెళితే, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగారు. నా గొంతు తడారిపోయింది. సంచిలోంచి డబ్బా తీసి చూపించాను. డాక్టరమ్మ కోప్పడలేదు. సిస్‌ప్లాటిన్ వల్ల మెగ్నీషియం మూత్రంలో పోతుందట. పిన్నిగారి మాట నిజమే! కానీ ఆ మాత్రలు ఎక్కువైతే విరేచనాలవుతాయి. ఒంట్లో నీరు తగ్గితే సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలని మరింత దెబ్బతీస్తుంది. మూత్రపిండాలు మందగిస్తే మెగ్నీషియం పేరుకుపోయి అదో ప్రమాదం. అందుకే రక్తపరీక్ష చూశాకే మోతాదు చెబుతారట.

పరీక్షలో 1.2 వచ్చింది. 1.7 కి తగ్గకూడదట. సెలైన్‌లో కలిపి ఎక్కించారు. నాలుగోనాటి రాత్రి అక్క నన్ను లేపలేదు.

"కావాలని చేశావా ఏంటే, పిచ్చిదానా" అంది గానీ, నాకే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇప్పుడు ఏ మాత్రైనా, ఆఖరికి కషాయమైనా నోటుబుక్కులో రాసి, డాక్టరమ్మకి చూపించాకే ఇస్తున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి రోగి ఉంటే, మీరూ ఓ పుస్తకం పెట్టుకోండి.