నేను సరిదిద్దిన బొమ్మ

ఈ నెల టీచర్ల పేజీ నా వంతుకి వచ్చింది. పిల్లల చేత ఇంట్లో ఇంగ్లిష్ ఎలా మాట్లాడించాలో రాస్తానని అందరూ అనుకున్నారు. అది మరోసారి రాస్తాను. ఈసారి ఒక బొమ్మ గురించి, ఆ బొమ్మ విషయంలో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలనుకుంటున్నాను.

ముందుగా నా గురించి ఒక మాట. నాకొక హాబీ ఉంది. ఈ మధ్య వరకు స్టాఫ్ రూమ్‌లో కూడా ఎవరికీ చెప్పలేదు. సూపర్ హీరోలు, సైనికులు, రోబోలు... చేతులూ కాళ్లూ కదిలే ప్లాస్టిక్ బొమ్మలుంటాయి కదా, యాక్షన్ ఫిగర్స్ అంటారు. పాతవి, విరిగిపోయినవి తెచ్చుకుని, వాటి రంగు తీసేసి, బాగుచేసి, నాకు నచ్చినట్టు మళ్లీ రంగులు వేసుకుంటాను. ఆదివారాలు ఎక్కువగా దీనికే పోతాయి. మా అమ్మకి ఇది అస్సలు నచ్చదు. "పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు ఆ అలమర చూస్తే ఏమనుకుంటారే?" అంటుంది. ఎవరైనా వస్తున్నారంటే అలమరకి ఒక చీర కర్టెన్‌లా కట్టేస్తుంది.

ఇది మొదలైంది మా తమ్ముడి వల్ల. చిన్నప్పుడు వాడి దగ్గర ఒక జీఐ జో సైనికుడు ఉండేవాడు. ఒకరోజు నడుము దగ్గర రెండు ముక్కలై కాళ్లు ఊడి పడిపోయాయి. వాడు ఏడుపు. నేను వీపు మీద ఉన్న చిన్న స్క్రూ విప్పి చూశాను. లోపల ఒక రబ్బరు రింగు. పై సగాన్నీ కాళ్లనీ పట్టి ఉంచేది అదొక్కటే. అది తెగిపోయింది. నాన్న కుళాయిల సామాన్ల షాపులో అలాంటిదే ఒక రింగు వెతికి తెచ్చారు. వేసి స్క్రూ బిగించగానే సైనికుడు లేచి నిలబడ్డాడు. పాడైపోయిన వస్తువుని పారేసే ముందు ఒకసారి విప్పి చూడాలని నాకు అప్పుడే తెలిసింది.

ఈ 'యాక్షన్ ఫిగర్' అనే మాట వెనక ఒక సరదా సంగతి ఉంది. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ మొదటి జీఐ జో బొమ్మని మార్కెట్లోకి తెచ్చింది. అప్పట్లో దాని ఎత్తు 12 అంగుళాలు, బట్టలు కూడా మార్చవచ్చు. కానీ 'డాల్' అంటే మగపిల్లలు ముట్టుకోరని, వాళ్ల నాన్నలు కొనరని కంపెనీవాళ్ల భయం. అందుకే 'యాక్షన్ ఫిగర్' అని కొత్త పేరు పెట్టారు. బొమ్మ బొమ్మే, పేరే మారింది. మన దగ్గర ఫన్‌స్కూల్ కంపెనీ చాలా ఏళ్లు జీఐ జోలని ఇక్కడే తయారుచేసి అమ్మింది. అమెరికాలో ఒక రంగులో వచ్చిన సైనికుడు ఇక్కడ ఇంకో రంగు యూనిఫాంలో వచ్చేవాడు. ఇప్పుడు విదేశాల్లో కలెక్టర్లు ఆ మన రంగుల కోసమే వాటిని వెతుక్కుంటున్నారు.

ఇక పని సంగతి. చూసేవాళ్లకి ఇది రంగులు పూయడంలా కనిపిస్తుంది. నిజానికి రంగు వేయడం ఆఖర్లో వచ్చే పని. ముందు బొమ్మని గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. అచ్చులోంచి వచ్చినప్పటి జిడ్డు కొంచెం మిగిలి ఉంటుంది, దాని మీద రంగు నిలవదు. తర్వాత మోచేతులు, మోకాళ్ల దగ్గర సన్నని గరుకు కాగితంతో రుద్దాలి. కీలు కదిలిన ప్రతిసారీ రెండు భాగాలు రాసుకుని రంగు లేచిపోతుంది కాబట్టి అక్కడ కొంచెం సందు ఉండాలి. ఆ తర్వాత ప్రైమర్. అది ఆరాక అక్రిలిక్ రంగుని నీళ్లతో పల్చన చేసి పూయాలి. మొదటి పూతకి కింద ప్లాస్టిక్ కనిపిస్తూనే ఉంటుంది. 'ఇంకొంచెం చిక్కగా వేస్తే పోదా' అనిపిస్తుంది. అలా వేస్తే ముఖం మీద ఉన్న సన్నని గీతలన్నీ పూడుకుపోతాయి. పల్చగా వేసి, ఆరనిచ్చి, మళ్లీ వేయాలి. మూడు నాలుగు పూతలకి గానీ రంగు నిండుగా రాదు.

అన్నిటికన్నా కష్టం కళ్లు. ఆరంగుళాల బొమ్మకి కన్ను ఆవగింజంత ఉంటుంది. ముందు తెలుపు పెట్టి, దాని మీద టూత్‌పిక్ కొనతో నల్లచుక్క పెడతాను. వెంట్రుకవాసి పక్కకి జరిగినా బొమ్మకి మెల్లకన్ను వస్తుంది. రెండు కళ్లూ ఒక్కలా కుదిరిన రోజు నాకు పండగే.

ఇప్పుడు అసలు విషయం.

నేను ఏడో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. ఒక గురువారం స్లిప్ టెస్ట్ జరుగుతుంటే ఒక బాబు డెస్క్ కింద ఏదో పట్టుకుని చూస్తున్నాడు. వెళ్లి చూస్తే బొమ్మ. ఎగ్జిబిషన్లలో దొరికే మామూలు సూపర్ హీరో బొమ్మే, కానీ దాని మీద ఎవరో రంగులు వేశారు. తీసుకుని నా డ్రాయర్లో పెట్టేశాను. పేరెంట్స్ మీటింగ్ రోజున ఇంట్లోవాళ్లకి ఇవ్వడం మా పద్ధతి.

సాయంత్రం నోట్‌బుక్స్ కట్టని అదే డ్రాయర్లోకి తోశాను. మర్నాడు తీసి చూస్తే బొమ్మ కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగి ఉంది. విరగ్గొట్టింది నేనే.

అప్పుడు ఆ బొమ్మని సరిగ్గా చూశాను. సూపర్ హీరోని ఆ బాబు ట్రాఫిక్ పోలీసుగా మార్చాడు. చొక్కాకి వైట్నర్ పూశాడు. పాంటుకి పసుపు, గోధుమ ఫ్యాబ్రిక్ రంగులు కలిపి ఖాకీ తెప్పించాడు. మెడలో ఈల తాడు ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీశాడు. మీసం మార్కర్‌తో. వైట్నర్ పెచ్చులు లేస్తోంది. నెయిల్ పాలిష్ ఇంకా వేలికి అంటుకుంటోంది. కళ్లు అయితే ఒకటి గుండ్రంగా, ఇంకొకటి సన్నని గీతలా ఉంది.

నేను బొమ్మని ఇంటికి తీసుకెళ్లాను. బాగుచేసి ఇచ్చేద్దామనుకున్నాను. అంతవరకూ మంచిదే. కానీ అతుకు కనిపిస్తే నేను విరగ్గొట్టిన సంగతి బయటపడుతుంది. అందుకని మొత్తం కొత్తగా చేసేద్దామనుకున్నాను. ఇది ఒప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

విరిగిన రెండు వైపులా చిన్న రంధ్రం చేసి, పేపర్ క్లిప్ తీగ ముక్క ఒకటి లోపల పెట్టి, ఫెవిక్విక్‌తో అతికించాను. చుట్టూ ఎం-సీల్ నింపి నున్నగా రుద్దాను. కొండపల్లిలో తెల్లపొణికి చెక్క ముక్కలని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు చూడండి, ఇంచుమించు అదే పని. పాత రంగులని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, టూత్‌బ్రష్‌తో రుద్ది తీసేశాను. శని, ఆదివారాలు రెండూ కూర్చున్నాను. తెల్లచొక్కా, ఖాకీ పాంటు, చొక్కాకి గుండీలు, నల్ల బెల్టు. మీసం ఒక్కో వెంట్రుకా విడిగా. కళ్లు రెండూ సమానంగా, చక్కగా వచ్చాయి. నేను చేసిన వాటిలో అంత బాగా కుదిరినది ఇంకోటి లేదు.

సోమవారం లంచ్ టైమ్‌లో ఆ బాబుని పిలిచి ఇచ్చాను. వాడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"థాంక్యూ మేడం. చాలా బాగుంది" అన్నాడు.

కానీ వెళ్లలేదు. అక్కడే నిలబడ్డాడు.

"ఏమైంది నాన్నా?"

"ఇది మా తాతయ్య కాదు మేడం."

వాళ్ల తాతయ్య ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారట. ఒకసారి డ్యూటీలో ఉండగా లారీ టైరు కింది నుంచి రాయి ఎగిరొచ్చి కంటికి తగిలింది. అప్పటినుంచి ఎడమ కన్ను సగమే తెరుచుకుంటుంది. "నేను ఆ కన్ను కోసం చాలాసార్లు ట్రై చేశాను మేడం. ఫస్ట్ రెండుసార్లు రాలేదు" అన్నాడు.

నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. నేను పొరపాటు అనుకున్నది వాడు అన్నిటికన్నా ఎక్కువ కష్టపడి చేసిన పని. తప్పు స్పెల్లింగ్ మీద ఎర్రపెన్నుతో గీత కొట్టినంత తేలిగ్గా దాన్ని తుడిచేశాను. తుడిచింది మళ్లీ తెచ్చివ్వలేను కూడా. ఆల్కహాల్‌తో నా రంగు తీసేసినా, కింద వాడి రంగు లేదు.

చెయ్యి నా వల్లే విరిగిందని, అది దాచడానికే మొత్తం రంగు మార్చానని వాడికి చెప్పి సారీ చెప్పాను. క్లాసులో టీచర్ సారీ చెప్పడం వాడికి కొత్తేమో, కంగారుపడి, "పర్లేదు మేడం, పర్లేదు" అన్నాడు. మోచెయ్యి ఇక మడవదని కూడా చెప్పాను. తీగ పెట్టాను కాబట్టి అది పైకి లేచినట్టే ఉండిపోతుంది. దానికి మాత్రం వాడు నవ్వాడు. "బండ్లు ఆపేటప్పుడు తాతయ్య చెయ్యి అలాగే ఉండేదంట మేడం. అది ఓకే."

తర్వాత నాలుగు రోజులు లంచ్ అయ్యాక ఒక పావుగంట ఇద్దరం కూర్చున్నాం. రంగులు, బ్రష్షులు నేను తెచ్చాను. నా రంగంతా ముందే తీసేసి ఉంచాను. పల్చగా ఎందుకు వేయాలో, నెయిల్ పాలిష్ ఎందుకు జిగటగా ఉండిపోయిందో చెప్పాను. అందులోని ద్రావకం కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్ అయితే కొన్నిటిని కరిగించేస్తుంది కూడా. అంతవరకే నా పని. బ్రష్ మాత్రం ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అది ఎంత కష్టమో చెప్పలేను. వాడి చెయ్యి వణికి కాలర్ వంకరపోయినప్పుడల్లా నా చెయ్యి ముందుకొచ్చేది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

కన్ను మూడోసారికి కుదిరింది. పూర్తయిన బొమ్మని నా బొమ్మ పక్కన పెడితే ఎవరైనా నాదే బాగుందంటారు. పేరెంట్స్ మీటింగ్‌కి ఆ తాతయ్యగారే వచ్చారు. బొమ్మని దూరంగా పట్టుకుని చూసి, "మీసం ఇంకాస్త నెరవాలిరా" అన్నారు. మళ్లీ చూసి, "కన్ను మాత్రం అచ్చం దించేశాడు" అన్నారు.

ఆ బాబుకి మార్కులు పెరిగాయని రాస్తే బాగుంటుంది గానీ, అలా ఏం జరగలేదు. టెస్ట్ సమయంలో బొమ్మలు క్లాసుకి తేకూడదన్న నియమం కూడా అలాగే ఉంది. మారింది నేను. నోట్‌బుక్ దిద్దేటప్పుడు ఏదైనా వింతగా కనిపిస్తే గీత కొట్టే ముందు, "ఇలా ఎందుకు రాశావు?" అని ఒకసారి అడుగుతున్నాను. అన్నిసార్లూ కాకపోయినా, కొన్నిసార్లు వాళ్ల దగ్గర నేను ఊహించని జవాబు ఉంటోంది.

మీకు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, త్వరలో ప్రాజెక్ట్ వర్కులు మొదలవుతాయి. ఏటా బల్ల మీద వరుసగా చాలా అందమైన మోడల్స్ వస్తాయి. థర్మోకోల్ అంచులు కత్తిరించిన తీరు చూస్తేనే అది పిల్లల పనో, రాత్రి పదకొండింటికి అమ్మానాన్నలు కూర్చుని చేసిన పనో తెలిసిపోతుంది. మీ ఉద్దేశం నాకు అర్థమవుతుంది. మన పిల్లాడిది పక్కవాళ్లకన్నా తక్కువగా కనిపించకూడదని. నేనూ రెండు రోజులు కూర్చుని అదే చేశాను. ఈసారి సామాన్లు కొనివ్వండి, పక్కన కూర్చోండి, అడిగితే చెప్పండి. చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకోండి. వంకరగా వచ్చినా అలాగే పంపండి. మా టీచర్ల వైపు నుంచి, అందం చూసి కాకుండా పిల్లలు వివరించే తీరు చూసి మార్కులు వేసే ప్రయత్నం మేమూ చేస్తాం.

ఇంట్లో పిల్లలు పాత బొమ్మలకి రంగులు వేస్తామంటే కొన్ని జాగ్రత్తలు. నీటితో కలిపే అక్రిలిక్ రంగులే ఇవ్వండి. స్ప్రే డబ్బాలు, ఆల్కహాల్, బ్లేడ్లు, ఫెవిక్విక్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. స్ప్రే చేస్తే బాల్కనీలో, మాస్క్ పెట్టుకుని చేయండి. గరుకు కాగితాన్ని తడిపి రుద్దితే దుమ్ము లేవదు. బొమ్మలకి ఐఎస్ఐ మార్కు 2021 జనవరి నుంచి తప్పనిసరి అయింది. కానీ మనం కొత్తగా వేసిన రంగుకి ఆ పరీక్ష ఏదీ జరగదు. కాబట్టి అలాంటి బొమ్మలని నోట్లో పెట్టుకునే చిన్నపిల్లలకి ఇవ్వకుండా షెల్ఫ్ మీదే ఉంచండి.

మా ఇంట్లో అలమరకి ఇప్పుడు కర్టెన్ లేదు. ఈ కథ విన్నాక అమ్మే తీసేసింది. ఆ బొమ్మ ఎక్కడుందని అడిగింది. మన దగ్గర లేదమ్మా, అది వాళ్ల తాతయ్య టీవీ మీద ఉందని చెప్పాను.