కుందేలు తిన్న నీలం బిళ్ల

సాంచెలు నడిచే ఇండ్లల్లో ఎలుకల బాధ గురించి కొత్తగా చెప్పేదేముంది! నూలు కొరికితే నష్టం, టవళ్లు కొరికితే సేటు కోపం. అందుకే మా షోలాపూర్‌లో ఏ కార్ఖానా మూలకు చూసినా ఎలుకల మందు బిళ్లలు కనబడతాయి. మా ఇల్లూ కార్ఖానా పక్కపక్కనే. మధ్యలో ఒక చెక్కపలకే అడ్డం.

మా బిడ్డ మరాఠీ బడిలో ఐదో తరగతి. కుందేలును మరాఠీలో ససా అంటారు కదా, తన కుందేలుకు ససూ అని పేరు పెట్టుకుంది. ఆ రోజు నూలు మూటలు దించేటోళ్లు పలక పక్కకు జరిపారు. మధ్యాహ్నం రెండింటికి నేను బీడీలు చుడుతుంటే ససూ కార్ఖానా వైపు నుంచి వచ్చింది. మూతికి నీలం పొడి. పోయి చూస్తే బిళ్ల ఒక మూల కొరికి ఉంది.

నా చాటలో తంబాకు కూడా ఉండె. అది తిన్నదేమోనని మొదట భయపడ్డాను. తంబాకు విషమైతే కాసేపట్లోనే చొంగ కారుతుంది, వణుకు వస్తుంది. ససూకు అవేమీ లేవు, చక్కగా గెంతుతోంది.

అత్తమ్మ అన్నది: "మంచిగనే ఉన్నది గదనే, ఏం గాదు తియ్యి. ఉప్పునీళ్లు తాపియ్యి, కక్కుతది."

"కుందేలు కక్కదు అత్తమ్మా. మొన్న గజ్జికి సూది ఏయించినప్పుడు డాక్టరు చెప్పిండు. నీళ్లు ఊపిరితిత్తులల్లకు పోతే ఇంకా కష్టం."

తడిగుడ్డతో మూతి తుడిచి, మిగిలిన బిళ్లను, దాని కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, టైము రాసుకుని ఆటో ఎక్కాను.

పశువుల డాక్టరు ముందు కాగితమే చదివాడు. బ్రోమాడియోలోన్. రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె పనిని ఈ మందు ఆపేస్తుందట. ఒంట్లో ఉన్న సరుకు అయిపోయేదాకా ఏమీ తెలియదు. రెండు రోజుల నుంచి ఐదు రోజుల లోపల చిగుళ్లు తెల్లబడతాయి, ఊపిరి ఆడదు, లోపలే రక్తం కారుతుంది. "మంచిగుందని ఇంట్ల కూసుంటే లేటయితుండె" అన్నాడు. బొగ్గుమందు కలిపిన నీళ్లు సిరంజీతో కొంచెం కొంచెం తాగించాడు, విటమిన్ కె1 మొదలుపెట్టాడు. మాత్రలు నాలుగు వారాలు వేయాలన్నాడు. నల్లపొడి మందు, అదే జింక్ ఫాస్ఫైడ్ అయితే గంటల్లోనే పని చేస్తుంది, దానికి విరుగుడు లేదు. కాగితం తెచ్చింది అందుకే అక్కరకొచ్చింది.

ఇంటికొచ్చినంక అత్తమ్మ లెక్క తీసింది. "కిలోన్నర కుందేలుకు మూడు దినాల బీడీ కూలి పాయె!" ఆమె మాట తప్పనలేను. మామయ్య మిల్లు మూతబడ్డ రోజుల్లో ఒక్కో రూపాయి లెక్కపెట్టి ఇల్లు నడిపిన మనిషి. కానీ ఆ బిళ్ల ఉన్న మూలకే పక్కింటి పసివాడు పాక్కుంటూ పోతాడు. ఆ మాట అనేసరికి అత్తమ్మ నోరు మెదపలేదు. సాయంత్రం మా ఆయన సేటును కలిసి చెప్పాడు. వారం లోపల బిళ్లలన్నీ చిన్న బొక్క ఉన్న ఇనుప డబ్బాల్లోకి పోయాయి, మూతలకు తాళాలు పడ్డాయి.

ఆ నాలుగు వారాలు రోజూ చిగుళ్ల రంగు, పెంటికలు, మేత చూసుకున్నాం. కుందేలు పన్నెండు గంటలు మేత ముట్టకపోతే పేగులు ఆగిపోయే ప్రమాదం ఉంది. తొమ్మిదో రోజు మూత్రం ఎర్రగా వచ్చేసరికి బిడ్డ ఏడుపు. డాక్టరు పట్టీతో పరీక్ష చేసి రక్తం కాదన్నాడు. తిన్న ఆకుకూరలను బట్టి కూడా కుందేలు మూత్రం ఎర్రబడుతుందట. మాత్రలు ఆపిన రెండు రోజులకు రక్తపరీక్ష చేశారు. గడ్డకట్టడం సరిగ్గా ఉంది. చివరి వారం మాత్ర పొడిని అరటిపండు ముక్కలో పెట్టి తినిపించింది అత్తమ్మే.

కుందేళ్లు పెంచే అక్కచెల్లెండ్లకు ఒక మాట. పాలు, నూనె, ఉప్పునీళ్లు తాపకండి. ఇంట్లో మిగిలిన మాత్రలు వేయకండి. మనుషులు వాడే కొన్ని యాంటీబయాటిక్‌లు నోటితో ఇస్తే కుందేలు పేగులు చెడి చచ్చిపోతుంది. మందు కాగితం పారేయకండి. పిల్లలు తిన్నా అంతే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా కాగితంతో సహా పెద్ద దవాఖానకు పోవాలి.