తాతయ్య గోడ మీద రష్యా

మా తాతయ్యకి దూరం అంటే బెజవాడే. పామర్రు నుంచి బస్సెక్కి పుస్తకాలు కొనుక్కుని సాయంత్రానికి వచ్చేసేవాడు. కానీ మాస్కో నుంచి వ్లదివోస్తోక్‌ దాకా రైలు దారి 9,289 కిలోమీటర్లని నాకు చెప్పింది ఆయనే. విజయవాడ నుంచి ఢిల్లీకి అయిదుసార్లు వెళ్లినా అంత దూరం రాదు.

ఇదంతా విశాలాంధ్ర షాపు పుణ్యం. అప్పట్లో మాస్కోలోనే తెలుగు పుస్తకాలు అచ్చేసి పంపేవాళ్లు. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివాళ్లు అక్కడే ఉండి అనువాదాలు చేశారు. గట్టి అట్ట, మంచి బొమ్మలు, చాలా చవక. ఏలూరు రోడ్డుకి కారల్ మార్క్స్ పేరు పెట్టుకున్న ఊరు కదా మనది, బాగానే కొన్నారు.

వసారా గోడకి ఓ పాత ప్రపంచ పటం ఉండేది. అందులో సోవియట్ యూనియన్ మొత్తం ఒకటే గులాబీ రంగు. 15 రిపబ్లిక్కులు, 2 కోట్ల 24 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశాలు దాదాపు ఏడు పడతాయి. "కంచట్కాలో పిల్లలు బడి నుంచి ఇంటికొచ్చేసరికి లెనిన్‌గ్రాడ్ పిల్లలు ఇంకా పక్క మీదే ఉంటారు" అనేవాడు తాతయ్య.

ఇంటర్లో నా చేతికి ఫోన్ వచ్చింది. ఇంక ఆగుతానా! "లెనిన్‌గ్రాడ్ లేదు తాతయ్యా, సెయింట్ పీటర్స్‌బర్గ్. తాష్కెంట్ ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. నీ దేశం 1991లోనే పోయింది" అన్నాను.

"పేరు మారితే ఊరెక్కడికి పోతుందిరా? మేం ఇప్పటికీ బెజవాడే అంటున్నాంగా" అని నవ్వాడు.

అక్కడితో వదిలేయాల్సింది. 1932-33లో ఉక్రెయిన్‌లో కరువుకి లక్షల మంది చచ్చిపోయారని, పంట పండించినవాళ్ల దగ్గరే గింజలు లాక్కున్నారని చదివి వినిపించాను. "ఇది నీ పుస్తకాల్లో ఉందా?" అని కూడా అడిగాను. ఆయన వరి పండించిన మనిషి. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైంది. కీవ్‌లో బాంబులు, నేలమాళిగల్లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు. టీవీ చూస్తూ చూస్తూ లేచి పటం దగ్గరికెళ్లాడు. కళ్లజోడు లేకుండానే కీవ్ మీద వేలు పెట్టాడు.

"రెండూ ఒకటే రంగు కదరా."

నేనేం మాట్లాడలేదు. మర్నాడు చూస్తే గులాబీ రంగు మీద, ఉక్రెయిన్ చుట్టూ పెన్సిల్ గీత ఉంది. చెయ్యి వణికినట్టుంది, కిందివైపు గీత కాస్త సముద్రంలోకి పోయింది.