చిట్టి పడవ... గట్టి సాయం!

విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి పెద్ద ఓడ హార్బర్‌లోకి వస్తుంటే ఎప్పుడైనా చూశారా? దాని వెన్నంటే చిన్న పడవలు కొన్ని ఉంటాయి. ఓడను తాళ్లతో లాగుతూ, ముందు భాగంతో నెడుతూ జెట్టీకి చేర్చే ఆ పడవలే టగ్‌లు. ఎంత చాకిరీ చేసినా పేరు మాత్రం ఓడకే! కానీ అలాంటి ఓ టగ్‌ని అమెరికాలో మ్యూజియంలో పెట్టి మరీ చూపిస్తున్నారు. దాని పేరు హోగా. అక్కడి సూ తెగవారి భాషలో చేప అని అర్థం.

న్యూయార్క్‌లో తయారైన హోగా 1941లో నౌకాదళంలో చేరి, హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్‌కు వెళ్లింది. పొడవు వంద అడుగులు. ఓడల్ని జరపడం, నిప్పంటుకుంటే నీళ్లు చిమ్మి ఆర్పడం దాని పని.

ఆ ఆదివారం ఉదయం...

1941 డిసెంబరు 7. ఎనిమిది కావస్తుండగా జపాన్ విమానాలు బాంబులు కురిపించాయి. కాసేపట్లోనే హోగా తాళ్లు విప్పుకుని మంటల మధ్యకు బయల్దేరింది. నీళ్లలో పడ్డ ఇద్దరిని పైకి లాగింది. తగలబడుతున్న అరిజోనా యుద్ధనౌకను ఆనుకుని ఉన్న వెస్టల్ అనే మరమ్మతుల ఓడను పక్కకు తప్పించింది.

అసలు పరీక్ష ఆ తర్వాతే ఎదురైంది. సముద్రంలోకి వెళ్లబోయిన నెవాడా యుద్ధనౌక బాంబుదెబ్బలు తిని ఒడ్డుకు ఆనుకుంది. అక్కడ రాకపోకలకు ఉన్నది ఒక్కటే ఇరుకు దారి. నెవాడా అందులో మునిగితే హార్బర్ మూసుకుపోయినట్టే! హోగా మంటలార్పుతూనే మరో టగ్‌తో కలిసి దాన్ని దారికి అవతలి ఒడ్డుకు చేర్చింది. ఆ నెవాడాయే బాగుపడి 1944లో నార్మండీ తీరంలో పోరాడింది. అరిజోనాలో మాత్రం 1,177 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ నౌక మంటలతో హోగా డిసెంబరు 9 దాకా పోరాడుతూనే ఉంది.

నది ఒడ్డున విశ్రాంతి

యుద్ధం ముగిసినా పని తప్పలేదు. 1948 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ రేవులో అగ్నిమాపక పడవగా పనిచేసింది. 1989లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొందింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పాత ఓడల మధ్య పడి ఉండి, చివరికి 2015లో ఆర్కాన్సా రాష్ట్రంలోని నార్త్ లిటిల్ రాక్‌కు చేరింది. సముద్రమే లేని ఆ రాష్ట్రంలో, ఆర్కాన్సా నది ఒడ్డున ఉన్న మ్యూజియం దాని కొత్త ఇల్లు.

అక్కడ దానికో తోడు కూడా ఉంది... రేజర్‌బ్యాక్ అనే జలాంతర్గామి. 1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగిపోతూ సంతకం చేసినప్పుడు అది టోక్యో అఖాతంలోనే ఉంది. అమెరికాకు యుద్ధం మొదలైన రోజును చూసిన పడవ ఒకటి, ముగిసిన రోజును చూసిన జలాంతర్గామి మరొకటి. ఈ రెంటినీ ఒక్కచోటే చూడొచ్చు!